10 లీటర్ల కేస్‌లో 14 మిల్లీమీటర్ల తగాదా

సైడ్ ప్యానెల్ తీస్తే హాయిగా ఉంటుంది. వేస్తే మాత్రం ఒకటే శ్రుతిలో ఝుమ్మని గోల. చిన్న గేమింగ్ పీసీలో మిగతావన్నీ కుదిరాక ఇదొక్కటి పట్టుకుని పీడిస్తోంది. గ్రాఫిక్స్ కార్డుని బోర్డుకి కలిపే రైజర్ కేబుల్ జెన్ 4లో (పీసీఐఈ నాలుగో తరం వేగంలో) మొదటి బూట్ నుంచే బాగా నడుస్తోంది, లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. కోర్సెయిర్ ఎస్‌ఎఫ్750 పవర్ సప్లై అసలు ఉందో లేదో తెలియనంత బుద్ధిగా ఉంది. సీపీయూ వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 20 దగ్గర నిలబడింది. ఇక ఈ పోస్టంతా ప్యానెల్ గురించే.

ముందు కొలతలు. సీపీయూ రైజెన్ 7 7800ఎక్స్3డీ, మదర్‌బోర్డు బీ650 మినీ-ఐటీఎక్స్ (చిన్న సైజు), కూలర్ 53 మి.మీ. ఎత్తు, దాని మీద 92 మి.మీ. ఫ్యాన్. గ్రాఫిక్స్ కార్డు రెండున్నర స్లాట్లు, అంటే 51 మి.మీ. మందం. కేస్ శాండ్‌విచ్ రకం, అంటే మధ్యలో గోడ, ఒకవైపు బోర్డు, ఇంకోవైపు కార్డు. 10 లీటర్ల పైచిలుకు. మధ్య గోడను 3 మి.మీ. చొప్పున అటూ ఇటూ జరపవచ్చు. సీపీయూ వైపు ఖాళీ, కార్డు వైపు ఖాళీ కలిపితే 118 మి.మీ. అందులో కూలర్‌కి 53, కార్డుకి 51 పోగా మిగిలేది 14. ఈ 14 మిల్లీమీటర్లే రెండు వైపుల ఫ్యాన్లకీ గాలి పీల్చుకునే చోటు. ఇద్దరికీ కలిపి ఒకటే దుప్పటి, ఎటు లాగినా ఒకరి కాళ్లు బయటే.

కేస్ ఎంచుకునేటప్పుడు అందరం లీటర్లే చూస్తాం. డాన్ ఏ4-ఎస్‌ఎఫ్ఎక్స్ 7.2 లీటర్లు, ఫ్రాక్టల్ టెర్రా 10.4, కూలర్ మాస్టర్ ఎన్ఆర్200 18.25. ఈ అంకెలన్నీ బయటి కొలతల లెక్క. కాళ్లు, హ్యాండిల్ కలిపి లెక్కేసేవాళ్లున్నారు, వదిలేసేవాళ్లున్నారు. ఇంకో సంగతి, శాండ్‌విచ్‌లో లీటర్ల కంటే మందమే ముఖ్యం. పొడవు ఓ 20 మి.మీ. పెరిగితే లీటర్ల అంకె పెరుగుతుంది గానీ వేడికి ఒరిగేదేమీ లేదు. అదే మందం 6 మి.మీ. పెరిగితే నా ఈ గోల సగం ఉండేది కాదు. మొదటిసారి చిన్న పీసీ కడుతున్నవాళ్లు నన్నడిగితే ఎన్ఆర్200 లాంటి 18 లీటర్ల కేసే చెబుతాను. 150 మి.మీ. టవర్ కూలర్ దర్జాగా పడుతుంది, మూడు స్లాట్ల కార్డు కూడా పడుతుంది. 10 లీటర్లంటే సరదా కాదు, వ్యసనం.

కాస్త పెద్ద సైజైన మైక్రో-ఏటీఎక్స్ ఎందుకు కాదని అడిగేవాళ్లకు: బోర్డు 244 మి.మీ. చదరం, మినీ-ఐటీఎక్స్ 170 చదరం. మెమరీ స్లాట్లు నాలుగు వస్తాయి, ధర కూడా సాధారణంగా తక్కువ. కానీ అదనంగా వచ్చే పీసీఐఈ స్లాట్లు చాలావరకు లావుపాటి గ్రాఫిక్స్ కార్డు కిందే దాక్కుంటాయి. గేమింగ్‌కి రెండు మెమరీ స్టిక్కులు చాలు. కేస్ మాత్రం లియాన్ లీ-డాన్ ఏ3 లాంటిది తీసుకున్నా 26.3 లీటర్లు. బల్ల కింద పెట్టేదైతే నేను కూడా దానికే ఓటేస్తాను. నాది మానిటర్ పక్కన పెట్టే పీసీ, చెవికి అడుగున్నర దూరం.

ఇప్పుడు అసలు రోగం. పరీక్ష పద్ధతి ఇది: గది 27 డిగ్రీలు, ఒకే గేమ్‌లో ఒకే చోట 20 నిమిషాలు, సీపీయూ 62 వాట్ల దగ్గర, కూలర్ ఫ్యాన్ 1800 ఆర్‌పీఎం మీద కట్టేసి. శబ్దం 40 సెం.మీ. దూరం నుంచి ఫోన్ యాప్‌తో కొలిచాను. ఆ డెసిబెల్ అంకె నిజమని నమ్మను, ఒక కొలతకీ ఇంకో కొలతకీ మధ్య తేడానే నమ్ముతాను.

ప్యానెల్ లేకుండా సీపీయూ 73 డిగ్రీలు, 36 డెసిబెల్. ప్యానెల్ వేసి, ఫ్యాన్‌కీ దానికీ మధ్య 4 మి.మీ. ఉంచితే 84 డిగ్రీలు, 44 డెసిబెల్. ఈ చిప్ పరిమితి 89, కాబట్టి 84 అంటే నాకు టెన్షనే. అటువైపు కార్డుకి 10 మి.మీ. దక్కి 68 దగ్గర నవ్వుతూ కూర్చుంది. గోడను ఒక మెట్టు జరిపి చెరో 7 మి.మీ. ఇస్తే సీపీయూ 80, కార్డు 70, శబ్దం 42. ఇంకో మెట్టు జరిపి సీపీయూకి 10, కార్డుకి 4 ఇస్తే సీపీయూ 77కి దిగింది, ఝుమ్మనే శబ్దం బాగా తగ్గింది, సంతోషించేలోపు కార్డు 76కి ఎక్కింది. దాని ఫ్యాన్లు 1650 నుంచి 2100 ఆర్‌పీఎంకి పోయాయి. మొత్తం శబ్దం 43. గోల అటు గది నుంచి ఇటు గదికి మారిందంతే.

అందుకని 7-7 దగ్గర గోడను బిగించేసి గోల మూలం వెతకడం మొదలుపెట్టాను. స్పెక్ట్రమ్ చూపించే యాప్‌లో 210 హెర్ట్జ్ దగ్గర ఒక శిఖరం నిటారుగా కనిపించింది. ఫ్యాన్‌కి ఏడు రెక్కలు, 1800 ఆర్‌పీఎం అంటే సెకనుకి 30 చుట్లు, ఏడు ముప్పైలు 210. ఫ్యాన్‌ని 1500కి తగ్గిస్తే శిఖరం 175కి జరిగింది, లెక్క సరిగ్గా సరిపోయింది. ప్యానెల్‌కి నిలువు చీలికలున్నాయి, చీలిక 3 మి.మీ., మధ్య పట్టీ 2 మి.మీ. ఆ పట్టీల వెనక గాలి చెదిరిపోయి వస్తుంటే, దాన్ని రెక్కలు కోసిన ప్రతిసారీ ఒక చప్పుడు. పీల్చుకునే వైపు అడ్డం ఉంటే ఊదే వైపు కంటే ఎక్కువ గోల వస్తుందన్నది పాత సంగతే.

కానీ అంతటితో అయిపోలేదు. 1750 నుంచి 1850 ఆర్‌పీఎం మధ్య శబ్దం ఒక్కసారిగా పైకి లేస్తుంది, దాటాక మళ్లీ తగ్గుతుంది. రెక్కల గోల ఒక్కటే అయితే వేగంతో పాటు మెల్లగా పెరగాలి కదా. ప్యానెల్ నడిమధ్యలో బొటనవేలితో నొక్కి చూశాను. 3 డెసిబెల్ పడిపోయింది. అంటే ప్యానెల్ కూడా వంత పాడుతోంది. ఖాయం చేసుకోవడానికి ప్యానెల్‌ని క్లిప్పులకి తగిలించకుండా, అట్టముక్కల ఆసరాతో అదే 7 మి.మీ. దూరంలో చేత్తో పట్టుకున్నాను. 210 శిఖరం అలాగే ఉంది, ఆ ఎగిరిపడే ముక్క మాత్రం మాయమైంది. రోగాలు రెండు: రెక్కలు గాలిని కోయడం, ఆ శబ్దానికి రేకు అదరడం.

రెండోది తేలిక. ప్యానెల్ అంచుల లోపలివైపు 1.5 మి.మీ. ఫోమ్ టేప్ అంటిస్తే ఎగిరిపడటం సగానికి తగ్గింది. బయోస్‌లో ఫ్యాన్ కర్వ్‌ని 1700 నుంచి ఒకేసారి 1900కి దూకేలా పెట్టి, మార్పుకి కొన్ని సెకన్ల ఆలస్యం ఇస్తే ఆ శ్రుతి దగ్గర ఫ్యాన్ ఆగనే ఆగదు.

మొదటిది లొంగలేదు. దుమ్ము జాలీ తీసేశాను: 2 డిగ్రీలు తగ్గింది, శబ్దంలో మార్పు లేదు. ఫ్యాన్ చుట్టూ ఫోమ్‌తో రింగ్ కోసి ప్యానెల్ దాకా గొట్టంలా పెట్టాను: సీపీయూ 80 నుంచి 76కి దిగింది. అంటే ఫ్యాన్ అప్పటిదాకా తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తోందన్నమాట. ఈ రింగ్ శాశ్వతంగా ఉంచేశాను. శబ్దం మాత్రం ఒక డెసిబెల్ పెరిగింది.

ఆపైన ఫ్యాన్‌ని తిరగేశాను, గాలి బయటికి ఊదేలా. ఝుమ్మనడం పోయి మెత్తటి సవ్వడి మిగిలింది, 37 డెసిబెల్. కూలర్ ఫిన్‌ల (పల్చటి లోహపు రేకుల) లోంచి పీల్చినా అదే గోల రావాలి కదా అనుకున్నాను, రాలేదు. ఫిన్‌లు పల్చగా, దగ్గర దగ్గరగా ఉండటం వల్ల గాలి పెద్దగా చెదరట్లేదేమో, ఇది నా ఊహే. గెలిచామనుకునేలోపు మిగతా సెన్సర్లు చూశాను. సీపీయూ 83. బోర్డు ముందువైపు ఎం.2 స్లాట్‌లోని ఎస్ఎస్‌డీ 58 నుంచి 69కి. సీపీయూకి కరెంటు అందించే వీఆర్ఎం భాగం 66 నుంచి 78కి. కూలర్ కిందికి ఊదినప్పుడు ఆ గాలే బోర్డునంతా చల్లబరిచేది. ఇప్పుడు వాటికి దిక్కు లేదు. చేసేది లేక ఫ్యాన్‌ని మళ్లీ మామూలుగానే బిగించాను.

నాక్టువా వాళ్లు సరిగ్గా ఈ గోల కోసమే 5 మి.మీ. ఇన్‌లెట్ స్పేసర్లు అమ్ముతారు, ఎన్ఏ-ఐఎస్1 అని. అవి 120, 140 మి.మీ. ఫ్యాన్లకి. నా 92కి లేవు. ఉన్నా 7 మి.మీ. సందులో 5 దానికే పోతుంది.

అలా తిరిగి తిరిగి బోర్డు దగ్గరికి వచ్చాను. సరైన మందు 120 మి.మీ. ఫ్యాన్ ఉన్న పొట్టి కూలర్. 57 మి.మీ. ఎత్తులో అలాంటివి ఉన్నాయి. అంతే గాలికి 1100 ఆర్‌పీఎం చాలని నా అంచనా. ఏడు రెక్కల ఫ్యానే అనుకుంటే శ్రుతి 128 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది, అంత లోతు శబ్దాన్ని చెవి పెద్దగా పట్టించుకోదు. అడ్డం వచ్చేది బోర్డు మీది ఎం.2 గోపురం. ఒకదానిపై ఒకటి రెండు ఎస్ఎస్‌డీలు, పైన హీట్‌సింక్. బోర్డు ఉపరితలం నుంచి కొలిస్తే 42 మి.మీ. ఆ కూలర్ ఫిన్‌ల అడుగు 38 దగ్గరే ఉంటుంది. 4 మి.మీ. తేడాతో పని చెడింది. కూలర్‌ని తిప్పి బిగిద్దామంటే అటువైపు వెనక పోర్టుల (ఐఓ) మీది హీట్‌సింక్ అడ్డం. మెమరీ 33 మి.మీ. పొట్టి రకమే, దానితో పేచీ లేదు.

నాకు చిరాకు తెప్పించేది ఇదే. ప్రతి మినీ-ఐటీఎక్స్ బోర్డు పేజీలోనూ 17 సెం.మీ. × 17 సెం.మీ. అని రాస్తారు, అన్నీ అంతే ఉంటాయి, అది చెప్పనక్కర్లేదు. చెప్పాల్సింది ఎత్తు, అది చాలా పేజీల్లో కనబడదు. దీనికి ఒక చిట్కా దొరికింది. బోర్డు వెనక పోర్టులకి కేస్‌లో ఉండే కంత ప్రామాణికంగా 158.75 × 44.45 మి.మీ. కాబట్టి బోర్డుని పోర్టుల వైపు నుంచి నేరుగా తీసిన ఫొటో దొరికితే ఆ 44.45ని స్కేలుగా పెట్టుకుని హీట్‌సింకుల ఎత్తు కొలవవచ్చు. వెనకున్న భాగాలు దూరం వల్ల కాస్త చిన్నగా కనిపిస్తాయి, కాబట్టి ఓ 2 మి.మీ. కలుపుకోండి. నా బోర్డు మీద ఇదే లెక్క వేస్తే 40 వచ్చింది, స్కేలుతో 42.

గోపురం లేని బోర్డుల్లో రెండో ఎం.2 వెనక వైపుంటుంది. శాండ్‌విచ్‌లో దానికీ ఓ ఇబ్బంది ఉంది: వెనకంటే మధ్య గోడ, గోడకి అటువైపు కార్డు వీపు. అక్కడ గాలి ఆడదు. గేమ్‌లు పెట్టుకునే రెండో డ్రైవ్ అయితే ఫర్వాలేదు, పల్చటి థర్మల్ ప్యాడ్‌తో గోడకే ఆనిస్తే ఆ రేకే హీట్‌సింక్ అవుతుంది. విండోస్ ఉన్న డ్రైవ్ ముందే ఉండాలి. జెన్ 5 స్లాట్ ఉందా లేదా అన్నది నేను చూడను. ఉన్నా రైజర్ జెన్ 4ది కాబట్టి వేగం అక్కడికే ఆగుతుంది. జెన్ 5 కార్డు పెట్టేవాళ్లు బయోస్‌లో స్లాట్‌ని చేత్తో జెన్ 4కి మార్చి పెట్టండి, ఆటోకి వదిలేస్తే కొన్నిసార్లు నల్ల తెరే గతి.

రెండో దారి కార్డు మార్చడం. రెండు స్లాట్ల కార్డు అయితే 40 మి.మీ., ఒక్క దెబ్బకి 11 మి.మీ. కలిసొస్తాయి. ఎన్విడియా సొంతంగా చేసే ఆర్‌టీఎక్స్ 5080 ఫౌండర్స్ ఎడిషన్ సరిగ్గా రెండు స్లాట్లే, పొడవు 304, నా కేస్‌లో పడుతుంది. కానీ దాని కూలర్ గాలిని కార్డు గుండా వెనక్కి తోసేస్తుంది, ఆ వెనకే నా మధ్య గోడ. వేడంతా రేకుకి కొట్టుకుని బోర్డు వీపుకే చేరుతుంది. శాండ్‌విచ్‌కి పాతకాలపు పద్ధతిలో పక్కలకి వదిలే కార్డే మేలని నా అభిప్రాయం. పవర్ కనెక్టర్ సంగతి కూడా చూడాలి, కనెక్టర్ నుంచి 35 మి.మీ. దాకా కేబుల్‌ని వంచకూడదంటారు, నా కేస్‌లో కార్డు పైన అంత ఖాళీ లేదు.

కాబట్టి ముందు బోర్డే. వెనక ఎం.2 ఉన్న రెండు బీ650 బోర్డుల ఫొటోలు ముందేసుకుని లెక్కలు వేస్తున్నాను. ఒకటి 34 చూపిస్తోంది, ఇంకోటి 37. రెండోదాంట్లో సీపీయూ పవర్ సాకెట్ మంచి మూలలో ఉంది గానీ 38 దగ్గర మొదలయ్యే ఫిన్‌ల కింద 37 అంటే, ఆ 2 మి.మీ. పొరపాటు కలిపితే తగిలేస్తుంది. 34దే తెప్పిస్తాను. 57 మి.మీ. కూలర్ పెట్టి గోడను ఇప్పుడున్నట్టే సీపీయూ వైపు 60, కార్డు వైపు 58 దగ్గర ఉంచితే ఫ్యాన్‌కి 3 మి.మీ. సందే మిగులుతుంది. 1100 ఆర్‌పీఎం దగ్గర ఆ సందు ఎంత గోల చేస్తుందో ముందే చూడాలి. వేరే పీసీలోంచి 15 మి.మీ. మందం 120 ఫ్యాన్ ఒకటి పీకాను, ఈ ప్యానెల్‌కే 3 మి.మీ. దూరంలో కట్టి యాప్ ఆన్ చేస్తాను. ఆ అంకెలు బాగుంటేనే బోర్డు ఆర్డర్.