పొయ్యికి గేటు రంగు

అమ్మకి గ్యాసుంది, ఇండక్షన్ ఉంది. అయినా పెరటి వసారాలో ఇటుకల పొయ్యి ఉండి తీరాల్సిందే. అమలాపురం పక్క పల్లెటూరు మాది, కొబ్బరి డొక్కలకీ మట్టలకీ లోటేముంది? వేణ్ణీళ్ళు, అరిసెలు, పది మందికి వంట అంటే ఆ పొయ్యే వెలగాలి.

పోయిన సంక్రాంతికి నాలుగు రోజుల ముందే ఊరెళ్ళాను. గేటుకని తెచ్చిన ఎర్ర ఎనామిల్ డబ్బా కంటబడింది. అమ్మ గుడికెళ్ళొచ్చేలోగా పొయ్యికీ దాని వెనక గోడకీ రెండు కోటింగులు లాగించేశాను. అచ్చం జాజు పూసినట్టుంది, పైగా ఇక ఏటేటా అలికే బాధ లేదు అనుకున్నాను. అమ్మ వచ్చి చూసి ఏమీ అనలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు.

భోగి ముందు రోజు మూకుడు ఎక్కించింది. పావుగంట గడవకుండానే పొయ్యి నోటి దగ్గర రంగు మెత్తబడి, బఠానీ గింజంత బుడగలు లేచాయి. చూస్తుండగానే రేగిపండంత అయ్యాయి. ఒకటి టప్పుమని పగిలి లోపల్నించి పొగ. వసారా అంతా కాలిన చెప్పు వాసన. మొదటి వాయి అరిసెలు పెరట్లో కుక్క కూడా వాసన చూసి వదిలేసింది. "ఒరేయ్, పొయ్యికి చీర కట్టేవు, బానే ఉంది. ఇప్పుడు విప్పు" అంది అమ్మ. మిగతా పిండి గ్యాసు మీదే వండింది, మూడు రోజులు అదే మాట చెప్పుకుంటూ.

రంగుల కొట్టుకెళితే, "ఆయ్, దానికేముందండీ, పైన సిలికాన్ అల్యూమినియం పెయింటు కొట్టేయండి, ఆరొందల డిగ్రీలు తట్టుకుంటదండి" అన్నాడు. తట్టుకుంటుంది, నిజమే. అయితే అది శుభ్రంగా గీకిన ఇనుము మీద. కింద ఎనామిల్ ఉంటే, అది ఉడికి లేచినప్పుడు పైదాన్నీ లేపుకుంటూ వస్తుంది. ఇంకో గోల కూడా ఉంది. కాలవ గట్టు ఊళ్ళలో గోడలకి చెమ్మ ఎప్పుడూ ఉండేదే. సున్నం, మట్టిపూత అయితే ఆ చెమ్మని బయటికి పోనిస్తాయి. ఎనామిల్ మూతేసినట్టు ఆపేస్తుంది. పొయ్యి వెలిగించగానే ఆ నీరంతా ఆవిరై రంగుని వెనక నుంచి నెడుతుంది. వేలితో కొట్టి చూస్తే సగం చోట్ల డొల్ల మోత.

అంచేత గీకడమే. నిప్పు పెట్టి కాల్చేద్దామా అనిపించింది గానీ, వెనక గోడ మీద కింది పొరలో నాన్న హయాంలో వేయించిన ఆకుపచ్చ రంగుంది. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం, అంటే ఒంటికి విషమైన ఆ లోహం, 90 పీపీఎమ్ (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకొచ్చింది. అంతకు ముందటి రంగుల్లో ఎంతుందో ఎవడు చూశాడు? కాలిస్తే పొగ, పొడిగా ఉప్పుకాగితం పెట్టి రుద్దితే దుమ్ము. రెండూ వద్దనుకుని రంగు ఊడదీసే జెల్ తెచ్చాను. పిల్లల్ని అత్తయ్యగారింటికి పంపి, చేతులకి తొడుగులేసుకుని బ్రష్షుతో దట్టంగా పట్టించాను. ఇరవై నిమిషాలకి పైపొర ముడతలు పడింది. కత్తిగరిట ఆనించి తోస్తే ఎండిన తమలపాకులా చుట్టుకుంటూ వచ్చింది. ఆ ఒక్క క్షణం బాగుంది. ఇటుకల సందుల్లో ఇరుక్కున్నదానికి మాత్రం తీగ బ్రష్షు, నీళ్ళు, నా నడుము. రెండు రోజులు పట్టింది. పెచ్చులన్నీ సంచిలో కట్టేశాను, పాదుల్లో పడితే కష్టం.

కడిగి వారం ఆరబెట్టాం. పొయ్యికి ఎర్రమట్టి, పేడ, వరి ఊక కలిపి అమ్మే మెత్తింది. నన్ను ముట్టుకోనివ్వలేదు. గోడకి మాత్రం గుల్లసున్నం నేనే వేశాను, రాత్రి నానబెట్టి గుడ్డలో వడకట్టి పల్చగా, మూడుసార్లు. వేసేటప్పుడు ఏమీ కనబడదు, తడి గోడే. ఆరే కొద్దీ, గాల్లో బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని గట్టిపడే కొద్దీ తెలుపు తేలుతుంది.

ఇప్పుడు పొయ్యి బాగానే మండుతోంది. గేటు మాత్రం సగమే ఎరుపు. మిగిలిన రంగు అంతవరకే వచ్చింది. ఇంకో డబ్బా తెస్తానంటే అమ్మ వద్దంటోంది, వచ్చినవాళ్ళందరికీ గేటు చూపించి మొత్తం కథ మొదట్నించీ చెప్పాలట.