చెల్లెలి పెళ్లిలో ఫోటోల బాధ్యత

మా చెల్లెలి పెళ్లి ఫోటోల ఏర్పాట్లు నాకు అప్పగించినప్పుడు, ముందుగా ఫోటోగ్రాఫరును పురోహితుడి దగ్గర కూర్చోబెట్టి క్రతువుల వరుస రాయించాను. సుముహూర్తం రాత్రి 2 గంటలు దాటాక. ఆ ఘడియలో వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటారు, అడ్డుతెర తొలగుతుంది, ఆ తొలిచూపు మళ్లీ దొరకదు. సరిగ్గా అప్పుడే అక్షతలు పట్టుకున్న బంధువులంతా మండపం మీదకు వచ్చి కెమెరాకు అడ్డు నిలుస్తారు కనుక, ఒక కెమెరాను తెర పక్కన, ఇద్దరి ముఖాలూ కనిపించేలా ముందే నిలిపాము. తలంబ్రాలకు ఏమీ చెప్పనక్కరలేదు, ఆ నవ్వులు వాటంతటవే వస్తాయి. ఇంత చేసినా, బంధువుల ఫోటోల జాబితాలో అమ్మమ్మను రాయడం మరిచాను. ఆమె ఉన్న ఒకే ఒక్క ఫోటోలో, భోజనాల బంతిలో కూర్చుని అప్పడం విరుస్తూ కనిపిస్తుంది.