డబ్బాల పదిహేను పైసలు

మన బడి బ్యాచ్ సంచికకు రెండు పేజీలు రాయి అని పదిహేనుగాడు నెల దినాల సంది రాత్రి తొమ్మిది కాంగనే ఫోన్. తింటున్న రా అంటే తినుకుంటనే విను అంటడు. కమిటీల ఇంకెవరు లేరా అంటే అందరు వాట్సాప్‌ల గుడ్ మార్నింగ్ పెట్టేటోళ్లేనట, రాసేటోడు ఒక్కడు లేడట. బ్యాంకుల లోన్ ఫైళ్ల మీద గన్ని రిమార్కులు రాసినోనివి నీకేం కష్టం అన్నడు. సరే, దేని మీద రాయాలె అంటే ఇంకేమున్నది, 71 లడాయి రాయి, కమాండర్ సారు ట్రెంచి ముచ్చట రాయి, అందరు కడుపుబ్బ నవ్వుతరు అన్నడు. అడిగింది వాడే. ఇది మతిల పెట్టుకొని చదువున్రి.

ఆరో తరగతి సగంల 69 తెలంగాణ ఉద్యమం వచ్చి బడి బంద్ అయింది, ఏడు ఎనిమిది ఎట్ల గడిచినయో నిజంగ నాకు యాదికి లేదు. పదో తరగతి గురించి కూడ హిందీ పరీక్ష నాడు రేడియోగాడు చేసిన పని తప్ప ఏం లేదు, అది ఇక్కడ రాయరాదు, వాని మనుమరాలు ఇది చదువుతది. నాకు కండ్ల ముంగట నిలబడేది తొమ్మిదో తరగతి, అదిగూడ ఒక్క చలికాలమే.

లడాయి డిసెంబర్ 3 నాడు మొదలైందని పుస్తకాలల్ల ఉంటది గాని మన జమ్మికుంటకు అంతకన్నా ముందే వచ్చింది, పోస్టాఫీసుల నుంచి వచ్చింది. నవంబర్ 15 నుంచి ఇన్లాండ్ కవర్ మీద ఇంకో అయిదు పైసల స్టాంపు అతికియ్యాలె అన్నరు, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థుల కోసమని. కోటి మంది వచ్చిన్రు, వాళ్లను సాకాలె గదా. కొత్త స్టాంపు అందేదాక కుటుంబ నియంత్రణ స్టాంపు మీదనే శరణార్థి సహాయం అని గుద్ది అమ్మిన్రు, ఆ స్టాంపు చూసి సైరన్‌గాడు క్లాసుల అడిగిన ప్రశ్నకు కమాండర్ సారు డస్టర్ విసిరింది మీకందరికీ ఎరుకే.

ఇగ సారు సంగతి. మిగిలిన సార్లకు లడాయి రేడియోల జరిగింది, మన సారుకు గ్రౌండుల జరిగింది. నాలుగో తారీఖు పొద్దున ప్రేయర్ల నిలబెట్టి చెప్పిండు చూడున్రి, ఇటు కాజీపేట జంక్షను, అటు సింగరేణి బొగ్గు, రామగుండంల థర్మల్ 62.5 మెగావాట్లది గా అక్టోబర్లనే చాలు అయింది, వాని విమానం దేనికి వచ్చినా గ్రాండ్ ట్రంక్ లైను పట్టుకొనే వస్తది, నడిమిట్ల ఎవరున్నరు? మనమే అని మూడొందల మందిమి ఒక్కసారి అన్నం. నాకైతే భయం కన్నా గర్వం ఎక్కువైంది. మన ఊరి పేరు పాకిస్తానోనికి ఎరుకైందంటే మాటలా.

ఆ రాత్రి సంది బ్లాకవుట్. సర్కారు చెప్పిందా సారే చెప్పిండా అని ఎవరు అడగలే. సారు అంగి మీద స్వెట్టరేసి, మెడల విజిలేసుకొని గల్లీ గల్లీ తిరిగేది, ఎనుక మనం. ఏ ఇంట్ల ఎలుగు కనబడ్డా విజిల్. నిజం చెప్పాలంటే మా గల్లీల కరెంటున్న ఇండ్లు నాలుగు, మిగిలినయన్ని కందీళ్లే, ఆ కందీళ్లకు గూడ గాసునూనె దొరుకక కంట్రోలు షాపు కాడ లైను. కరెంటోళ్లు బుగ్గకు నల్లకాగితం చుట్టిన్రు, లారీ డ్రైవర్లు లైటుకు సగం తారు పూసిన్రు, మా నాయినమ్మ మాత్రం కందీలు మీద గంప బోర్లేసి, వానికి వేరే పని లేదా నా కందీలు కోసం విమానమేసుకొని వస్తడా అని సారు మొకం మీదనే అన్నది. సారు నవ్వలే. పెద్దమ్మా నీ గంపకు సందులున్నయి అన్నడు. ఇగ స్టేషన్ల ఆగిన బొగ్గింజన్ల పొయ్యి తలుపు తెరిస్తే ఊరంత ఎర్రగ కనబడేది, దానికి ఏ కాగితం చుట్టాలెనో సారుకు గూడ తెల్వలే.

విమానమొస్తే దాక్కోను తవ్విన ట్రెంచి గురించి మళ్ల చెప్తే మీరు తంతరు. జడ్ ఆకారం, నడుములోతు, గ్రౌండుల కబడ్డీ కోర్టు మీదికెళ్లి. మీ అందరి చేతులకు బొబ్బలు. మొరం నేల, గడ్డపార కొడితే ఠంగుమని లేచేది. రోజు ఆఖరి రెండు పీరియడ్లు తవ్వుడే, అందుకే మన బ్యాచ్‌కు భూగోళం రాదు. లడాయేమో పదమూడు దినాలల్ల అయిపాయె, ట్రెంచి సగం గూడ కాలే.

దాని పక్కపొంటి రక్షణ నిధి డబ్బా. డాల్డా డబ్బాకు మూతల సందు కోసి, ఎర్రగుడ్డ చుట్టి. లెక్క రాసేది నేను, డబ్బా మోసేది బొంగరంగాడు. అప్పటికి వాడు బొంగరమే, ఇంకా పదిహేను కాలే.

ఇప్పుడు చెప్పేది మీలో ఎవ్వరికీ ఎరుక లేదు.

అయిదో తారీఖో ఆరో తారీఖో, సాయంత్రం, నేను వాడు డబ్బా పట్టుకొని స్టేషన్‌కు పోయినం. మిలటరీ స్పెషల్ లూపు లైన్ల పెట్టిన్రు, సికింద్రాబాద్ దిక్కు నుంచి వచ్చింది. ఊరోళ్లు జామపండ్లు, ఉడుకబెట్టిన పల్లీలు, బిందెలల్ల చాయ తెచ్చి కిటికీలల్ల నుంచి ఇస్తున్నరు, మా తాత లాంటి ముసలోళ్లు నిజాం నాటి ఉర్దూ తీసి అటూ ఇటూ ముచ్చట పెడుతున్నరు. బొంగరం ఇంజన్ కాడికి ఉరికిండు. నన్ను ఒక జవాను పిలిచిండు, తెలుగుల. బాబూ, ఈ ఉత్తరాలు పోస్టులో పడేసి పెడుదూ అన్నడు. శ్రీకాకుళమట. మాకు రెండేండ్ల కింద నేర్చుకున్న నినాదాలు నోట్లనే ఉన్నయి గద, ఆంధ్రాయన అని ఒక్క క్షణం చూసిన. ఆయన నా తల మీద చెయ్యి పెట్టిండు. ఇగ ఏం చేస్తం, తీసుకున్న. మూడు ఇన్లాండ్లు, ఒకటి ఆయనది, రెండు పక్క సీటు అరవోళ్లయి. బండి కదిలింది.

పోస్టాఫీసుకు పోతే స్టాంపు ఏదిరా అన్నడు పోస్టుమాస్టరు. పాత ఇన్లాండ్లు, అయిదు పైసల బిళ్ల లేదు. గట్లనే ఎయ్యచ్చు గాని అవతలోళ్లు రెండింతలు జుర్మానా కట్టాలె అన్నడు. లడాయికి పోయిన కొడుకు ఉత్తరం తీసుకోనీకె ఆ ముసల్ది పైసలు కట్టాలెనా అనిపించింది. నా లాగు జేబుల ఏమున్నది, ఓటి బలపం. చంకల మాత్రం డబ్బా ఉన్నది. చీపురుపుల్ల పెట్టి తిప్పితే అయిదు పైసల నలుపలుకల బిళ్లలు ఒకటెనుక ఒకటి మూడు రాలినయి. స్టాంపులు కొని అతికిచ్చిన, పోస్టు డబ్బాల ఏసిన. బొంగరం వచ్చి ఇంజన్ ముచ్చట చెప్పుకుంట డబ్బా ఎత్తుకొని వాళ్లింటికి పోయిండు.

మళ్ల ఏద్దామనే అనుకున్న. వారం తర్వాత మా బాపు పదిపైసలు ఇస్తే పల్లిపట్టీలు కొనుక్కున్న. గంతే.

డిసెంబర్ 16 నాడు ఢాకాల లొంగిపోయిన్రు, 93 వేల మంది అని రేడియోగాడు బడంత తిరిగి చెప్పిండు. తెల్లారి ప్రేయర్ల బెల్లం పంచి, డబ్బా మూత తీసి సారు అందరి ముంగట లెక్కపెట్టిండు. నా పుస్తకంల 42 రూపాయలు, గుండ్రంగ మంచి రైటింగ్‌తోని. డబ్బాల 41 రూపాయల 85 పైసలు. మళ్ల లెక్కపెట్టిండు. 41.85. ఢాకాల 93 వేల మంది చేతులెత్తితే మన బడిల ఒక్కడు చేతులు పైకెత్తి మోకాళ్ల మీద నిలబడ్డడు. లెక్క తప్పు కావచ్చు సారూ అని వాడు నా దిక్కే చూసిండు, నేను పుస్తకం దిక్కు చూసిన. మిగిలిన ట్రెంచి వాడే తవ్వాలె అని శిక్ష. లడాయి అయిపోయినంక, సంక్రాంతి దాక, ఒక్కడే తవ్విండు. మీరు గట్టు మీద కూసోని పదిహేను పైసలు పదిహేను పైసలు అని పాట పాడిన్రు. నేను గూడ పాడిన.

తర్వాత సంగతి తక్కువ. బ్యాంకుల గుమస్తాగ చేరిన, మేనేజర్‌గ దిగిన, 36 ఏండ్లు. క్యాష్ కౌంటర్ల ఉన్న దినాలల్ల ఒక్క పూట గూడ ఒక్క రూపాయి తేడా రాలే, మా బ్రాంచిల ఇది ఒక కథ లెక్క చెప్పుకునేది. కారణం ఎవ్వరికీ చెప్పలే. కాగజ్‌నగర్ల ఉన్నప్పుడు ఈజ్‌గాం దిక్కు బెంగాలీ రైతులకు లోన్లు ఇచ్చేది నేనే. తూర్పు పాకిస్తాన్ విడిచి వచ్చినోళ్లు, సర్కారు భూములిచ్చి నిలబెట్టింది. ఒక ముసలాయన చేపల కూర తెచ్చేది. ఆయన 71 కన్నా ముందే వచ్చిండట, చెల్లె కుటుంబం మాత్రం 71ల వచ్చి, క్యాంపుల ఉండి, లడాయి అయినంక తిరిగి పోయిందట. మేం గూడ ఉత్తరానికి అయిదు పైసలు కట్టినం బాబా అన్న. అయితే మా చెల్లె నీ పైసలు తిన్నది అని నవ్విండు. నాకు నవ్వు రాలే. నావి కావు, బొంగరంగానివి అని ఆయనకు ఎట్ల చెప్పాలె?

మీ పదిహేనుకు ఇప్పుడు బోర్ బండ్లు రెండు, హుజూరాబాద్ దాక ఎవరు బోరేసినా వాని బండే. తవ్వుడు నాకు చిన్నప్పటి సంది అలవాటే అని మైకుల చెప్పుకుంటడు, మీరు నవ్వుతరు. యాభై ఏండ్ల సంది ఏ పెండ్లిల కలిసినా నేను నవ్వుకుంట వచ్చిన.

సంచిక ప్రూఫ్ వాడే చూస్తడట. చూడనీ. ఒరే బొంగరం, ఒక్క అక్షరం కొట్టేసినా ఊకోను. ఇంకోటి, నిన్న రాత్రి చందా ఫోన్‌పే కొట్టిన, అయిదు వేల మీద పదిహేను పైసలు. తప్పు కొట్టినవా అని ఖజాంచి ఫోన్ జేసిండు. లెక్క సరిగ్గనే ఉన్నది, రసీదు నీ పేరు మీద రాయమన్న.