గుంటూరు నుంచి అప్లికేషన్
ఇవాళ కామన్ యాప్‌లో (చాలా అమెరికా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు చేసే వెబ్‌సైట్) నా వ్యాసం పంపేశాను. 650 పదాలు దాటకూడదు. ఇంటర్ ఎంపీసీలో రెండేళ్లూ బిట్లు చేస్తూ పెరిగిన మాకు శాట్ (అక్కడి కాలేజీల్లో చేరడానికి రాసే ఇంగ్లిష్, లెక్కల పరీక్ష) కంటే ఇదే కష్టం.

శాట్‌కి దారి తెలుసు. 2023 నుంచి మన దగ్గర అంతా కంప్యూటర్ మీదే, 2 గంటల 14 నిమిషాలు. ఒక్కో సబ్జెక్టులో మొదటి మాడ్యూల్ (భాగం) బాగా చేస్తే రెండోది కష్టంగా వస్తుంది, అది చూసి టెన్షన్ పడక్కర్లేదు. జేఈఈకి చదివినవాళ్లకి లెక్కల భయం ఉండదు. రోజూ కూర్చోవాల్సింది ఇంగ్లిష్ పాసేజీలకే.

వ్యాసంలో మాత్రం ర్యాంకు కాదు, నువ్వెవరో చెప్పమంటారు. నాన్న మిర్చి యార్డులో గుమస్తా. సీజన్‌లో సెలవు దొరికితే ఆయన పక్కన కూర్చుని తూకం చీటీలు రాసేదాన్ని. ఘాటుకి కళ్లు మండేవి, చున్నీ ముక్కుకి కట్టుకునేదాన్ని. అదే రాశాను. "యార్డు గురించి వాళ్లకేం తెలుస్తుందమ్మా?" అన్నారు నాన్న. తెలియాలనే రాశాను నాన్నా.

ఫిజిక్స్ సార్‌ని సిఫారసు లేఖ అడిగితే, "నీ మార్కులు ఎలాగూ వాళ్ల దగ్గరుంటాయి, క్లాసులో నువ్వు అడిగిన ప్రశ్నలు రాస్తాను" అన్నారు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది.

ఫీజు సాయం సంగతి ముందే చూసుకోండి. హార్వర్డ్, ఎంఐటీ లాంటి కొన్నిచోట్ల విదేశీ విద్యార్థి సాయం అడిగినా సీటు నిర్ణయంలో అది చూడరు. చాలా కాలేజీల్లో చూస్తారు.

జనవరి 1 గడువు ఉన్నవాళ్లు మీ వ్యాసం నాకు పంపండి, కూర్చుని చదువుతాను.