పాట ఎప్పుడొస్తుంది?

"ఏమ్మా, పాట ఎప్పుడొస్తుంది?"

రాత్రి పదకొండు దాటింది, ఆ మాట ఇంకా చెవిలోనే ఉంది. మావయ్యగారు తప్పేం అనలేదు, చేతిలో పేపరుతో మామూలుగానే అడిగారు. నాకే చుర్రుమంది.

ఆదివారం కదా అని వంకాయలు తరుగుతూ అమెరికా బాంజో కళాకారుడు బేలా ఫ్లెక్ బృందం ఆల్బం 'లైవ్ ఆర్ట్' పెట్టుకున్నాను. 1996లో వచ్చింది, రెండు సీడీల నిండా కచేరీలే. బాంజో (గుండ్రటి తోలు మీద తీగలు బిగించిన వాయిద్యం) అనగానే అందరికీ బ్లూగ్రాసే, అంటే అమెరికా పల్లె సంగీతమే గుర్తొస్తుంది. ఫ్లెక్ ఆ బాంజో మీదే జాజ్ వాయిస్తాడు. పక్కన విక్టర్ వూటెన్ బేస్ గిటార్. వాళ్ళన్న ఫ్యూచర్ మ్యాన్ అయితే గిటార్‌లా మెడకి తగిలించుకున్నదాన్ని వేళ్ళతో నొక్కుతూ డ్రమ్స్ మోగిస్తాడు. 'సినిస్టర్ మినిస్టర్'లో (1997లో గ్రామీ వచ్చింది దీనికే) మిగతావాళ్ళు తగ్గి బేస్ ఒక్కటే అందుకునే చోటు ఉంటుంది. దానికోసం కాచుకుని ఉన్నా. సరిగ్గా అప్పుడే ఈ ప్రశ్న.

"రాదండీ, ఇదింతే" అన్నాను.

"ఓహో" అని వెళ్ళి టీవీ పెట్టారు. అదీ వీధి చివరిదాకా వినపడేలా! నాది మాత్రం తగ్గించాలి. మా ఆయన సలహా ఇంకోటి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవచ్చుగా అని. పెట్టుకుంటే కుక్కర్ విజిల్స్ ఎవరు లెక్కపెడతారు? మావయ్యగారు ఆగి అడిగితే చెప్పేదాన్ని కదా, బాంజోకి అయిదో తీగ పొట్టిదనీ, మన తంబురలాగా ఒకే స్వరం మీద మోగుతూ ఉంటుందనీ. అడగలేదు.

నిజానికి అదే ప్రశ్న నేనూ అడిగాను, ఏడెనిమిదేళ్ళప్పుడు. నాన్నకి పాలకొల్లు శ్రీనివాస్ మాండొలిన్ అంటే ప్రాణం. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ క్యాసెట్ పెట్టేవాడు. "ఎవరూ పాడరేంటి నాన్నా?" అన్నాను. సబ్బు నురగతోనే మాండొలిన్ వెనకాలే కీర్తన అందుకున్నాడు. గొంతు బాగుండదు, సగం మాటలు గుర్తులేవు, మిగతాది లలలా. అమ్మ వంటింట్లోంచి "ముందు ఆ గడ్డం కానివ్వండి" అని అరిచినా ఆపలేదు. ఒక చెంప గీసుకుని, రెండోది అలాగే ఉంచుకుని చరణం దాకా పాడాడు.

అంటే అక్కడ పాట ఉంది. తీగ మోగుతుంటే తెలిసినవాళ్ళకి మాటలు వినపడతాయి. మరి బాంజోలో ఏ మాటలున్నాయని మావయ్యగారు వెతుక్కోవాలి? పాపం, ఆయన అడిగింది సబబే.

సబబే అనుకున్నానా, తని ఆవర్తనం (కచేరీలో మృదంగంలాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) గుర్తొచ్చింది. అందులో మాత్రం ఏ మాటలున్నాయి? అందుకేగా అది మొదలవగానే సగం సభ కాఫీకి లేచిపోయేది! మా నాన్నా లేచేవాడు, అదొకటి.

నేను మాత్రం ఏం వింటున్నాను? ఆ బేస్ మధ్యలో జనం ఒక్కసారి కేకలేస్తారు. ఆ కేక ఎక్కడొస్తుందో నాకు కంఠతా వచ్చు. ఇవాళ అదే వినపడలేదు.

బ్లూగ్రాస్‌కి పెద్దాయన బిల్ మన్రో వాయించిందీ మాండొలినే. మావయ్యగారికి అటునుంచి మొదలుపెట్టాల్సింది. నాన్న క్యాసెట్లు అమ్మ దగ్గరే ఉండాలి. పొద్దున ఫోన్ చేసి అడుగుతాను, పారేయలేదు కదా అని.