కాటా ముందు, ఖాతా తర్వాత

ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక చేపల వ్యాపారి కోసం తూకం సర్వర్ పెట్టి రెండేళ్లయింది. పాత డెస్క్‌టాప్‌లో ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్, అందులో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్. కాటా మీద గంప పెట్టగానే నేను రాసిన ప్రోగ్రామ్ బరువు చదివి, నిమిషానికోసారి అన్నీ కలిపి డేటాబేస్‌లో వేస్తుంది.

మొన్న తెల్లవారుజామున కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ తగ్గగానే మెషీన్ తనే షట్‌డౌన్ అయింది. అలాగే పెట్టాను. పొద్దున్నే గుమస్తా గారి ఫోన్: "బాబూ, ఆఖరి ఏడు తూకాలూ కంప్యూటర్లో లేవు." వెళ్లి చూశాను. ఐసు నీళ్లకు తడిసి ఉబ్బిన పుస్తకంలో ఏడు వరుసలూ పెన్సిల్‌తో ఉన్నాయి. ఆయన రాసి ఉంచకపోతే ఒక పడవ వాళ్ల డబ్బు పోయేది. చాలా బాధనిపించింది.

నా ప్రోగ్రామ్ లాగ్‌లో చివరి లైను 'కనెక్షన్ రిఫ్యూజ్డ్'. అంటే అది రాయబోయేసరికి డేటాబేస్ అప్పటికే ఆగిపోయింది.

ఫ్రీబీఎస్‌డీలో ఒక్కో సర్వీసును లేపడానికీ ఆపడానికీ ఒక్కో స్క్రిప్టు ఉంటుంది. వాటి పైభాగంలో కామెంట్లలా కనిపించే లైన్లుంటాయి. తనకంటే ముందు ఏది లేచి ఉండాలో చెప్పేది 'రిక్వైర్' లైను. అది చూసి ఆర్‌సీఆర్డర్ అనే టూల్ ఏది ముందు లేవాలో తేలుస్తుంది. ఆపేటప్పుడు అదే వరుస తిరగబడుతుంది. కానీ 'కీవర్డ్: షట్‌డౌన్' అని రాసి ఉన్న స్క్రిప్టులనే అప్పుడు పిలుస్తారు. పోస్ట్‌గ్రెస్ స్క్రిప్టులో ఆ లైను ఉంది, నా దాంట్లో లేదు. రిక్వైర్ రాశాను కదా, చాలనుకున్నాను. దాంతో డేటాబేస్ పద్ధతిగా ఆగింది. నా ప్రోగ్రామ్‌కి మాత్రం చిట్టచివర ఇనిట్ (అన్ని ప్రోగ్రాములకూ పెద్దదిక్కు) అందరికీ పంపే సిగ్‌టర్మ్, అంటే 'ఇక ఆగు' అనే సంకేతం, వచ్చేదాకా కబురే అందలేదు.

ఆ ఒక్క లైను చేర్చాను. ఇంకొకటీ మార్చాను. మొత్తం ఆపే పనికి సిస్టమ్ ఇచ్చే గడువు మామూలుగా 90 సెకన్లు. నా ప్రోగ్రామేమో కనెక్షన్ దొరక్కపోతే రెండు నిమిషాలు ప్రయత్నిస్తూ కూర్చునేది. దాన్ని 20 సెకన్లకు కుదించాను.

"మీరు కాటా ఎత్తేశాకే కదండీ పుస్తకం మూస్తారు, ఇక్కడా అంతే" అన్నాను గుమస్తా గారితో. "మరి ముందే అలా పెట్టొచ్చు కదా బాబూ" అన్నారు. నిజమే.

నిన్న రాత్రి ఆయన కాటా మీద గంపలు పెడుతుంటే యూపీఎస్ ప్లగ్ పీకి, మానిటర్ ముందు నిలబడ్డాను. బ్యాటరీ తగ్గింది. ముందు నా సర్వీసు ఆగింది, ఆ తర్వాత పోస్ట్‌గ్రెస్. మళ్లీ ఆన్ చేసి చూస్తే ఆఖరి తూకం ఉంది: వంజరం, 11.4 కిలోలు. పుస్తకంలోనూ అంతే.