పొగ ఎక్కువ, గుండ్లు తక్కువ

శనివారం మొత్తం తుపాకీతోనే గడిచింది. ఇప్పటి రకం కాదు. గొట్టం మూతిలోంచి తుపాకీ మందు పోసి, సీసపు గుండు కూరి, కడ్డీతో అడుగుదాకా దించి పేల్చే పాతకాలం రైఫిల్. పెన్సిల్వేనియాలో ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకా బాగానే ఉన్నారు. క్రిస్మస్ అయ్యాక చెకుముకి రాయి తుపాకీల కోసమే ఇక్కడ జింకల వేటకు ఒక సీజన్ ఉంటుంది. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన ఏటా దానికి వెళ్తాడు. నాకు వేట పడదు, పైగా శాకాహారిని. ఆ తుపాకీ ఎలా పనిచేస్తుందన్నదే నా కుతూహలం. ఆ మాటే చెబితే, "అయితే కాగితాన్ని వేటాడుదువుగాని రా" అన్నాడు.

చెకుముకి దానితో మొదలుపెట్టొద్దని ముందే చెప్పాడు. మొహం పక్కనే భగ్గుమని మంట లేస్తుంది, ఆ తర్వాత రవ్వంత ఆగి గుండు బయల్దేరుతుంది. కొత్తవాడు ఆ రవ్వంతలోనే ఉలిక్కిపడి గురి తప్పుతాడట. అందుకే సుత్తి కింద, దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి క్యాప్ పెట్టి పేల్చే రకం, .50 క్యాలిబర్‌ది (అంటే గొట్టం లోపలి వెడల్పు అర అంగుళం), సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇక్కడి ఫెడరల్ చట్టం ఇలాంటివాటిని పాత వస్తువుల కిందే లెక్కేస్తుంది గానీ, రాష్ట్రాన్ని బట్టి రూల్స్ మారతాయి. వీసా మీద ఉన్నవాళ్ళు కొనకముందే కనుక్కోవడం మంచిది.

షూటింగ్ రేంజ్‌కి వెళ్ళగానే పేల్చేద్దామనుకుంటే కుదరదు. ముందు మందు లేకుండా ఖాళీ గొట్టం మీద రెండు క్యాప్‌లు పేల్చాలి. లోపల మిగిలిన నూనె ఆరడానికి. మూతి దగ్గర గడ్డి కదిలిందంటే దారి తెరుచుకుందని గుర్తు. కదిలింది. అప్పుడు ఇత్తడి కొలతలో అరవై గ్రెయిన్ల (దాదాపు నాలుగు గ్రాముల) మందు. డబ్బాలోంచి నేరుగా గొట్టంలోకి పోయకూడదు. లోపల ఎక్కడైనా నిప్పురవ్వ మిగిలి ఉంటే చేతిలోని డబ్బా మొత్తం బాంబే. మందు తీసిన ప్రతిసారీ మూత బిగించి దూరంగా పెట్టడం కూడా అందుకే. ఈ కాలపు పొగరాని మందు ఇందులో చిటికెడు కూడా పడకూడదన్న మాట ఆయన పొద్దున్నుంచి ఎన్నిసార్లు అన్నాడో. దాని ఒత్తిడికి గొట్టం చీలిపోతుందట.

మందు మీద నూనె రాసిన నూలు గుడ్డముక్క, దాని మీద గుండు. గొట్టం అర అంగుళం, గుండు .490 అంగుళం. మధ్య సందును ఆ గుడ్డే నింపుతుంది. గొట్టంలో మెలికలు తిరిగిన గాడులను పట్టుకుని గుండును గిర్రున తిప్పేదీ గుడ్డే. కడ్డీని పైన ఎక్కడో పట్టుకుని బలంగా నెట్టబోతే పెద్దాయన చెయ్యి పట్టి ఆపాడు. అది చెక్క. విరిగితే మొన అరచేతిలో దిగుతుంది. అందుకని జానెడు జానెడుగా పట్టుకుంటూ దించాలి. గుండు మందును తాకి కూర్చుందా లేదా అన్నది కడ్డీ మీద గీసుకున్న గీత చెబుతుంది. మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టానికే ప్రమాదం. అన్నిటికన్నా ఆఖరున క్యాప్, అదీ మూతి టార్గెట్ వైపు తిప్పాకే.

పేలింది. చెవులకు మఫ్స్ ఉన్నా ఆ శబ్దం ఛాతీకి తెలిసింది. భుజం మీద దెబ్బలా కాదు, ఎవరో మెల్లగా నెట్టినట్టుంది. ఎదురుగా తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడలేదు. అచ్చం దీపావళి మర్నాడు మా తణుకు వీధి వాసన.

పొగ ఎందుకంత వస్తుందో పెద్దాయన చెప్పాడు. మందులో నూటికి డెబ్బై అయిదు పాళ్ళు సూరేకారం, పదిహేను బొగ్గు, పది గంధకం. కాలాక సగానికి పైగా గాలిగా మారదు. సన్నటి పొడిగా మిగిలి కొంత పొగలో పోతుంది, కొంత గొట్టానికి అంటుకుంటుంది. అందుకే ప్రతి పేలుడుకీ మధ్య తడిగుడ్డతో తుడవాలి.

ఆ సూరేకారం దగ్గర ఆయన మన దేశాన్ని లాక్కొచ్చాడు. పక్కనే డెలావేర్‌లో డ్యూపాంట్ వాళ్ళ మందు మిల్లులు 1802లో మొదలయ్యాయి. అమెరికా అంతర్యుద్ధం వచ్చాక, 1861లో లామోట్ డ్యూపాంట్ ఇంగ్లండ్ వెళ్ళి దొరికిన సూరేకారమంతా కొన్నాడు. అది ఇండియా నుంచి వచ్చిన సరుకే. సరిగ్గా అప్పుడే ట్రెంట్ అనే బ్రిటిష్ ఓడను అమెరికా నౌకాదళం అడ్డగించిన గొడవ ముదిరి బ్రిటన్ సూరేకారం ఎగుమతులు ఆపేసింది. గొడవ తీరాకే సరుకు కదిలింది. లింకన్ సైన్యం తుపాకులు పేలడానికి మన బీహారు మట్టి నుంచి తీసిన ఉప్పు కావాల్సివచ్చిందన్నమాట. స్కూల్లో ఎవరైనా ఇలా చెప్పి ఉంటే చరిత్రలో మంచి మార్కులు వచ్చేవేమో.

మధ్యాహ్నం ఒకసారి క్యాప్ మాత్రం టప్‌మంది, మందు అంటుకోలేదు. పెద్దాయన "కదలకు" అన్నాడు. ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది కాబట్టి మూతి టార్గెట్ మీదే ఉంచి కనీసం నిమిషం ఆగాలి. ఆ నిమిషం పడ్డ టెన్షన్ రోజంతటిలో ఇంకెప్పుడూ పడలేదు. కొత్త క్యాప్ పెడితే మామూలుగానే పేలింది. పాతిక గజాల దగ్గర గుండ్లు అరచేయంత చోటులో పడ్డాయి. పెద్దాయన తల ఊపాడు. మెచ్చుకున్నాడో, లంచ్‌కి టైమైందన్నాడో తెలీదు. సీసం ముట్టిన చేతులని, పులిహోర డబ్బా తెరిచే ముందు ఇద్దరం సబ్బుతో బాగా కడుక్కున్నాం.

అసలు పని ఇంటికొచ్చాకే. ఈ మసి గాల్లో తడిని లాగేసుకుంటుంది. రాత్రికి వదిలేస్తే పొద్దుటికి తుప్పు. ఖరీదైన క్లీనర్లు అమ్ముతారు గానీ వేడి సబ్బునీళ్ళు చాలు. గ్యారేజీలో గొట్టం విప్పి, అడుగు భాగం బకెట్‌లో పెట్టి, కడ్డీ చివర గుడ్డ చుట్టి పైకీ కిందికీ ఆడిస్తే నీళ్ళు పంపులా లోపలికెక్కి నల్లగా బయటికొచ్చాయి. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. గంధకం మహిమ. వేడికి గొట్టం త్వరగానే ఆరింది, నూనె పట్టించాను. రేపు పొద్దున ఇంకో పొడిగుడ్డ పంపి చూడాలి, ఎర్రగా వస్తే మళ్ళీ మొదటికే.

మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, "ఆ బకెట్ మళ్ళీ ఇంట్లోకి తెచ్చారో చూడండి" అంది. సోమవారం ఇంకోటి కొనాలి.